ఎర్త్ కుదరని బండి

ఏప్రిల్ 4

నేను ఎన్నికల్లో నిలబడటం లేదు. ఎవరూ చదవని ఈ పుస్తకంలో ఈ మాట రాసుకోవలసి రావడం విచిత్రమే. కానీ వీధిలో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పి విసిగిపోయాను. ఎదురుప్రశ్న రాని చోట ఒక్కసారైనా చెప్పుకోవాలనిపించింది.

నా కారు డిక్కీలో యాంప్లిఫయర్ బిగించిన మాట నిజం. దాన్నిబట్టి అది ప్రచార వాహనమని, వచ్చే మునిసిపల్ ఎన్నికల్లో ఈ వార్డు నుంచి పోటీ చేయడానికి సిద్ధమవుతున్నానని, డెబ్బై నాలుగేళ్ళ వయసులో నాకీ ఆశ పుట్టిందని, పాలావిడ దగ్గర మొదలైన కబురు మాజీ కౌన్సిలరు ఇంటిదాకా పాకింది. నిన్న ఆయన మనిషి ఒకడు గేటు బయట నిలబడి, ఏ పార్టీ తరఫున అని మర్యాదగానే అడిగాడు. వీణ తరఫున అన్నాను. అతడు కాసేపు ఆలోచించి, "వీణ గుర్తు ఇండిపెండెంట్లకు ఇస్తాండారా మేడం?" అన్నాడు.

విషయం ఇంతే. కడప నుంచి కర్నూలుకు వెళ్ళేటప్పుడు నేను వీణ వింటాను. ముప్పై ఏళ్ళు కర్నూలులో భౌతికశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తరువాత కడపకు వచ్చిన నాటినుంచీ నెలకొకసారి ఆ దారిన నా బండి నేనే నడుపుకుంటూ పోతున్నాను. ఈ మధ్య వీణ పలచబడింది. మంద్రస్థాయి మాత్రం వినిపించి పై తీగలు వినిపించడం మానేశాయి. కారులోని పాత సెట్టు నీరసించిపోయింది. అందుకని ఆర్టీసీ బస్టాండు వెనక కార్లకు పాటల సామాను బిగించే యేసుప్రసాద్ చేత యాంప్లిఫయర్ పెట్టించాను.

ఇప్పుడు వీణ వినిపిస్తోంది. దానితోపాటు ఒక మోత వినిపిస్తోంది. సన్నగా, ఆగకుండా. ఇంజను వేగం పెరిగితే అదీ పైకి లేస్తుంది. ఎర్త్ సరిగా కుదరలేదని యేసుప్రసాద్ అంటాడు. నేనూ అదే అంటాను.


ఏప్రిల్ 7

రంగనాథ్ వచ్చాడు. మా తమ్ముడి కొడుకు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి వ్యాపారం. రాళ్ళతో మాట్లాడినట్లే మనుషులతోనూ మాట్లాడతాడు.

ఏడు రోడ్ల కూడలి దగ్గర జరిగినది వాడికి ఎవరో చెప్పారు. దాని గురించి ఇక్కడ రాయను.

నేను మోత సంగతి చెప్పాను. వాడు బండిలో కూర్చుని, ఒక చెవికి ఫోను ఆనించుకుని, రెండో చెవితో వింటున్నట్లు నటించి దిగాడు. నాకేమీ వినపడలేదన్నాడు. కాఫీ తాగుతూ మెల్లగా అసలు మాటకు వచ్చాడు.

"అత్తా, మోత బండిలో లేదు. నీ చెవిలో ఉండాది. చెవి పోతాంటే అట్లనే ఉంటాదంట. ఇంక ఆ బండి తాళం నాకియ్యి. యాడికి పోవాలన్నా డ్రైవర్ని పంపిస్తా."

బండిలోనే ఉందని రుజువు చేస్తానన్నాను.

"చేయి. బండిలో ఉంటే బండి నీది, ఇంక నేను నోరెత్తను. చెవిలో ఉంటే తాళం నాది."

సరే అన్నాను. పందెం వంటి మాటలు నాకు నచ్చవు. అయినా, రుజువు అన్న మాటకు వెనుదీయడం నా అలవాటు కాదు.

డ్రైవర్ని పంపిస్తాడట. డ్రైవరు ఖాళీగా ఉన్నప్పుడు నాకు కర్నూలు వెళ్ళాలనిపించాలన్నమాట.


ఏప్రిల్ 9

యేసుప్రసాద్ దుకాణంలో ఉదయమంతా. అతడు యాంప్లిఫయర్ నల్ల ఎర్త్ తీగను వెనక సీటు బోల్టుకు బిగించాడు. బోల్టు కింద రంగు అలాగే ఉంది. రంగు మీద ఇనుము ఆనితే కరెంటు ఎలా పోతుందని అడిగాను. మర దిగిన చోట కొంత తగులుతుంది మేడం అన్నాడు. కొంత అన్న మాట నాకు గిట్టదు.

ఉప్పుకాగితం తెప్పించి రూపాయి బిళ్ళంత మేర రంగు గీకించాను. వెండిలా ఇనుము తేలింది. తీగ పొట్టిది చేయించి, రంపపు పళ్ళున్న వాషరు వేయించి బిగించాం.

అతడు తల లోపల పెట్టి విని, "తగ్గింది మేడం. కొంచెమే ఉండాది" అన్నాడు.

కొంచెమే ఎలా అవుతుంది? పళ్ళు పులిసిపోయేలా మోగుతోంది.


ఏప్రిల్ 10

తగ్గింది.


ఏప్రిల్ 13

శివకుమారి ఫోను చేసింది. నా దగ్గర చదివి, ఇప్పుడు ఇక్కడే డిగ్రీ కళాశాలలో నా పాఠాలే చెబుతోంది. పోయిన వేసవిలో నా బండి మీదే డ్రైవింగు నేర్చుకుంది. గేరు మార్చేటప్పుడు నాలుక కరుచుకుంటుంది. అదొక్కటే లోపం.

మోత వివరమంతా చెప్పాను. ఆమె ఏదో ఉపాయం చెప్పింది. సగం వినబడలేదు. ఈ మధ్య మాటలు మింగేస్తోంది. పాఠం చెప్పేవాళ్ళకు అది మంచి అలవాటు కాదు; కనబడినప్పుడు చెప్పాలి. మెసేజీ పెట్టమన్నాను. పెట్టింది. ఒకే తీగను రెండు చోట్ల ఎర్త్ చేయవద్దని. అది నాకు తెలుసు. ఆమెకు నేర్పింది నేనే.


ఏప్రిల్ 16

ఎర్త్ చోటు మార్చాం. సీటు బెల్టు బోల్టుకు. మళ్ళీ గీకుడు, మళ్ళీ వాషరు. ఇప్పటికి డిక్కీ లోపల రెండు చోట్ల మచ్చలు పడ్డాయి. యేసుప్రసాద్ వేరే బళ్ళు వదిలేసి నా పని చేస్తున్నాడు. విసుక్కోడు. విసుక్కుంటే బాగుండును. ముసలివాళ్ళ మీద చూపే ఓర్పు అతని ముఖంలో కనబడింది.

మోత ఉంది.


ఏప్రిల్ 19

కర్నూలు వెళ్ళి వచ్చాను. యాంప్లిఫయర్ ఆపేసి నడిపాను. ఆపినా మోత ఉన్నట్లే అనిపించింది. టైర్ల శబ్దం అయి ఉంటుంది. నంద్యాల దాటాక రోడ్డు గరుకు.

ఆళ్ళగడ్డ దగ్గర అహోబిలం దారికి మలుపు తిరిగే బస్సు ఒకటి నన్ను దాదాపు ఒరుసుకుంటూ పోయింది. హారను కొట్టలేదు.

కొట్టలేదనే అనుకుంటున్నాను.


ఏప్రిల్ 22

ఈ రోజు చేసిన పని ఎవరికీ చెప్పుకునేది కాదు.

మా బోరు మోటారు చూసే కంబన్న వచ్చాడు. ఎండలకు మోటారు ఎర్త్ గుంత ఎండిపోతుంది. ప్రతి ఏప్రిల్‌లోనూ వచ్చి గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్ళు పోసి పోతాడు. ఈ సీమలో భూమి భూమిగా పనిచేయాలన్నా నీళ్ళు పోయాలి. పని ముగించి చెయ్యి కడుక్కుంటూ కారు డిక్కీలోకి తొంగిచూశాడు. సంగతి విని నవ్వాడు.

"ఏందమ్మా, చదువుకున్నోళ్ళు మీరు. నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడుకోని ఉండాదే, దానికి ఎర్త్ యాడినుంచి వస్తాది? భూమికి తగలద్దా?"

కారులో ఎర్త్ అంటే భూమి కాదని, బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు బండి ఇనుప ఒంటి గుండా తిరిగి బ్యాటరీకి చేరడమేనని, నేలతో దానికి నిమిత్తం లేదని నేను చెప్పవచ్చు. ముప్పై ఏళ్ళు అదే చెప్పాను. పరీక్షలో కంబన్న మాట రాసిన పిల్లలకు సున్నా వేశాను.

కానివ్వమన్నాను. అతడు పెట్రోలు ట్యాంకర్లకు వేలాడదీసినట్లు ఒక ఇనుప గొలుసు తెచ్చి బండి అడుగున కట్టాడు. దాని కొస ఆనే చోట ఉప్పునీళ్ళు పోశాడు. ఇంజను వేయమన్నాడు. నేను వేశాను. బకెట్టు పట్టుకుని అతడు, స్టీరింగు పట్టుకుని నేను, ఇద్దరం తలలు వంచి విన్నాం.

అంత ఆశగా ఎందుకు విన్నానో నాకు తెలియదు.

హంపమ్మ వాకిట్లోకి వచ్చి గొలుసు చూసి, "బండిని కట్టేసినారా అమ్మా, పారిపోతాదని?" అన్నది. ఇరవై ఏళ్ళుగా నా ఇంట్లో వంట చేస్తోంది. ఆదోని వైపు మనిషి, నోటికి అడ్డు లేదు. కంబన్న పోయాక గొలుసు నేనే విప్పాను. చీర అంచుకు గ్రీజు అంటింది.


ఏప్రిల్ 25

రాయనన్నాను. రాస్తాను.

ఏడు రోడ్ల కూడలి దగ్గర, మార్చి నెలాఖరులో. అద్దాలు ఎక్కించి ఉన్నాయి. వీణ నడుస్తోంది. ముందు ఆటోలు నిలిచిపోయి ఉన్నాయి. అవి ఎందుకో పక్కకు ఒరుగుతున్నాయి. నాకు దారి ఇస్తున్నారనుకున్నాను. ముందుకు పోయి ఆ ఖాళీలో నిలిపాను. ఎదుటి ఆటో అతను చేతులతో ఏదో చెప్పాడు. నేను కదలలేదు. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను.

అప్పుడు అద్దంలో చూశాను. వెనక తెల్లని వ్యాను. పైన ఎర్రదీపం తిరుగుతోంది. ఎంతసేపటినుంచి తిరుగుతోందో తెలియదు. సైరను వినబడలేదు. దాని నోరు నా వెనక అద్దానికి మూరెడు దూరంలో ఉంది, అయినా వినబడలేదు. ఒక పెద్దాయన వ్యాను దిగి వచ్చి నా కిటికీ మీద అరచేత్తో కొట్టాడు. అద్దం దించాను. ఆయన తిట్టలేదు.

"అమ్మా, దండం పెడతా, పక్కకు తీయమ్మా. మా పాప ఉండాది లోపల."

దించిన అద్దంలోంచి సైరను వినబడింది. దూరపు పొలంలో ఎవరో ఊదుతున్నట్లు.

తీశాను. వాళ్ళు పోయారు. మరునాడు పెద్దాసుపత్రికి వెళ్ళి అడిగాను. పాప పేరేమిటన్నారు. ఊరేమిటన్నారు. మీరేమవుతారన్నారు. ఆవరణలో కాసేపు నిలబడి వచ్చేశాను.

అద్దాలు ఎక్కించి ఉన్నాయి. వీణ నడుస్తోంది. ఎవరికైనా అంతే అవుతుంది.


ఏప్రిల్ 28

మల్టీమీటరు కొన్నాను.

ఇన్నాళ్ళూ ఇతరుల చెవులతోనూ నా చెవులతోనూ వెతికాను. కొలవలేదు. విద్యార్థి ఇలా చేస్తే ప్రయోగశాల బయట నిలబెట్టేదాన్ని.

రేపు.


ఏప్రిల్ 29

దొరికింది.

ఇంజను నడుస్తూ, యాంప్లిఫయర్ గట్టిగా మోగుతుండగా, మీటరు ఒక కొసను బ్యాటరీ ఋణధ్రువం మీద, రెండో కొసను డిక్కీలోని ఎర్త్ బోల్టు మీద పెట్టాను. పొడుగాటి తీగ కావలసి వచ్చింది, హంపమ్మ పట్టుకుంది. రెండూ ఒకే ఇనుముతో కలిసి ఉంటే ముల్లు దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు చూపింది. అంటే దారిలో ఎక్కడో అడ్డు ఉంది. రెండో కొసను మెల్లగా ముందుకు జరుపుతూ వచ్చాను. డిక్కీ, తలుపు కమ్మీ, డ్యాష్‌బోర్డు కింద, బానెట్టు. అంతటా అదే అర వోల్టు. చివరికి బ్యాటరీ పక్కనే, బండి ఒంటి మీద పెట్టాను. అక్కడా అదే. జానెడు దూరంలోనే మొత్తం పోతోంది.

మేము గీకినదంతా డిక్కీలో. తప్పంతా బ్యాటరీ దగ్గర. బ్యాటరీ నుంచి నల్ల తీగ వచ్చి బండి ఒంటికి కలిసే బోల్టు ఒకటుంటుంది. అది నాకు కనబడలేదు. బోల్టు ఉండవలసిన చోట పసుపుముద్ద ఉంది.

హంపమ్మ ప్రతి దసరాకు ఆయుధపూజ చేస్తుంది. బానెట్టు ఎత్తి చెయ్యి అందిన ప్రతి బోల్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతుంది. కొబ్బరికాయ కొట్టి, ఇంజను చల్లగా ఉండాలని ఆ నీళ్ళు లోపల పోస్తుంది. నాకు నమ్మకం లేదు, వద్దనీ అనలేదు. ఏటికేడు పొరమీద పొర పేరుకుంది. స్క్రూడ్రైవరుతో తవ్వితే పెచ్చులుగా ఊడింది. కింద బోల్టు తుప్పుతో, పచ్చని చిలుముతో పుండులా ఉంది.

ఈ బోల్టు పూజకు పనికిరాదని హంపమ్మకు చెప్పాను. ఆమె నొచ్చుకుంది. పెచ్చులు ఏరి తులసికోటలో వేస్తూ, "నేను పెట్టినందుకేనమ్మా, ఇన్నేండ్లు ఈ బండి ఎవరికీ తగల్లేదు" అన్నది.

నేను మీటరు తీగలు చుట్టుకుంటూ ఉండిపోయాను.


మే 1

రంగనాథ్‌ను పిలిపించాను. యేసుప్రసాద్‌నూ పిలిపించాను. సాక్షి లేని ప్రయోగం ప్రయోగం కాదు.

మొదట పాత బోల్టుతోనే వినిపించాను. ఫోను జేబులో పెట్టించి, రెండు చెవులతోనూ వినమన్నాను. యాక్సిలరేటరు తొక్కాను. రంగనాథ్ ముఖం మారింది. "ఉండాది అత్తా. కుయ్యిమంటాండాది" అన్నాడు. అప్పుడు ఇంజను ఆపి, బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త బోల్టు, కొత్త వాషరు నా చేత్తోనే బిగించి, పైన గ్రీజు పూశాను. మీటరు పెట్టాను. ముల్లు సున్నాను ఆనుకుని నిలబడింది. ఇంజను వేశాను.

యేసుప్రసాద్ కళ్ళు మూసుకుని విన్నాడు. "లేదు మేడం. చీమ నడిచినా వినపడేట్లుంది."

రంగనాథ్ విన్నాడు. హంపమ్మ కూడా తల దూర్చి విన్నది. ముగ్గురూ నా వైపు చూశారు.

అవును, పోయింది అన్నాను.

రంగనాథ్ మంచివాడే. తప్పు ఒప్పుకోవడం వాడి తండ్రికి చేతకాదు, వీడికి వచ్చింది. "బండి నీది అత్తా. ఇంకెవరన్నా ఏమన్నా అంటే నా దగ్గరికి పంపియ్యి" అన్నాడు. తాళంచెవి టేబులు మీదినుంచి తీసి నా చేతిలో పెట్టాడు. అది ఎప్పుడూ నాదే. అయినా పెట్టాడు, నేను తీసుకున్నాను.


మే 2

మోత పోయింది.


మే 3

మోత పోయింది. మీటరు చెప్పింది. రంగనాథ్ విన్నాడు, యేసుప్రసాద్ విన్నాడు, హంపమ్మ విన్నది.


మే 6

మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధి మొత్తం పోయింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్జు ఆగింది, పక్కింటి మోటారు ఆగింది. ఎండకు కాకి కూడా అరవడం లేదు. హంపమ్మ చాప మీద నిద్రపోతోంది.

కారు దగ్గరకు వెళ్ళాను. బ్యాటరీ ఋణధ్రువం తీగ విప్పి పక్కన పెట్టాను. ఇక బండిలో ఎక్కడా కరెంటు లేదు. అది ఇనుము, రబ్బరు, గుడ్డ. లోపల కూర్చుని తలుపు వేసుకున్నాను.

ఉంది.

అదే సన్నని మోత. ఇంజను లేదు కనుక పైకి లేవడం లేదు, కిందికి దిగడం లేదు. అరచేతులతో చెవులు మూసుకున్నాను. బయటి శబ్దమైతే తగ్గాలి. ఇంకా స్పష్టమైంది.

బండిలో ఒక మోత ఉండేది. నాలో ఒకటి ఉంది. రెండూ దాదాపు ఒకే స్వరంలో ఉండటం వల్ల నేను ఒకటే అనుకున్నాను. రంగనాథ్ అన్నదీ నిజమే, నేనన్నదీ నిజమే. నా నిజానికి సాక్షులున్నారు. వాడి నిజానికి నేనొక్కదాన్నే.

మోత ఉన్నందుకు కాదు నాకు భయం. మోత ఉన్నా బండి నడపవచ్చు. దాని కింద ఏమేమి మునిగిపోతున్నాయో నాకు తెలియదు. పై తీగలు మునిగాయి. శివకుమారి మాటల చివరలు మునిగాయి. ఆ సైరను మునిగింది. ఇంకా ఏవి మునిగాయో చెప్పడానికి నాకు దారి లేదు, ఎందుకంటే అవి నాకు వినబడవు. కొలతకు లొంగని దానిముందు ఏం చేయాలో నేనెవరికీ నేర్పలేదు. నాకూ ఎవరూ నేర్పలేదు.

చెమటతో జాకెట్టు తడిసేదాకా అందులోనే కూర్చున్నాను. హంపమ్మ లేచి వచ్చి అద్దం మీద కొట్టింది. ఏదో అన్నది. పెదవులు కదిలాయి.


మే 8

రంగనాథ్ ఫోను చేసి, బండి ఎలా ఉందని అడిగాడు. బ్రహ్మాండంగా ఉందన్నాను. వచ్చే నెల కర్నూలు ప్రయాణం ఎప్పుడని అడిగాడు. తానే టైర్లు చూపిస్తానన్నాడు. ఇక ఈ జన్మలో వాడు నన్ను ఆపడు. వీధిలో ఎవరూ ఆపరు. నేను గుద్దేదాకా ఎవరూ ఆపరు.


మే 9

వేసవి సెలవుల్లో రోజంతా పడుకున్నట్లు పడుకున్నాను. హంపమ్మ రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ తెచ్చింది. తినలేదు. ఒంట్లో బాగాలేదా అని రెండుసార్లు అడిగిందట. రెండోసారి విన్నాను.


మే 11

ఈ ఉదయం శివకుమారిని పిలిచాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని, వెలుతురు ఆమె ముఖం మీద పడేట్లు కుర్చీ జరిపాను. ఆమె మాటలు మింగడం లేదు. ముఖం చూస్తే అన్నీ అర్థమవుతాయి.

బండి నీదన్నాను. కాగితాల మీద సంతకాలు చేసి ఉంచాను. ఆమె భయపడింది. ఎందుకు మేడం, ఇప్పుడే కదా బాగు చేయించుకున్నారు అన్నది. బాగు చేయకుండా ఇంకొకరికి ఇస్తారా అన్నాను. ఆమె నా కాళ్ళకు మొక్కబోతే ఆపాను. గేరు మార్చేటప్పుడు నాలుక కరుచుకోవద్దన్నాను. వెళ్ళేటప్పుడు కరుచుకునే వెళ్ళింది. బండి సందు మలుపు తిరిగేటప్పుడు హారను కొట్టి ఉంటుంది, కొట్టమని నేర్పాను.

రేపు ఉదయం బస్సుకు కర్నూలు వెళ్తున్నాను. అక్కడొక చెవి డాక్టరు ఉన్నాడు. టికెట్టు నేనే తీసుకున్నాను. ఎవరూ తోడు రానక్కర్లేదు. హంపమ్మకు కర్నూలు అని మాత్రం చెప్పాను.

రంగనాథ్ వస్తాడు, అరుస్తాడు. కారణం అడుగుతాడు. చెప్పను. ఓడిపోయి ఉంటే తాళం వాడికి ఇచ్చేదాన్ని. గెలిచాను కనుక నాకు నచ్చిన మనిషికి ఇచ్చాను.